కవలల లెక్కలో ఒకే అంకె

మా వీధిలో ఆమెను తూకాలమ్మ అంటారు. ఆరోగ్య కేంద్రం హాజరు పట్టీలో వేరే పేరు ఉంటుందనుకుంటాను, ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూడదు. భుజాన గుడ్డసంచి, అందులో కొక్కెం ఉన్న తూనిక, పిల్లల్ని కూర్చోబెట్టే ఊయల గుడ్డ, అట్ట చినిగిన పెద్ద పుస్తకం. ఇరవై రెండేళ్ళుగా ఆ సంచి మోసి మోసి ఎడమ భుజం కాస్త కిందికి జారింది. వాళ్ళాయన దర్జీ. ఊయల గుడ్డ ఆయన కుట్టిందే. "మా ఆవిడకు జాకెట్టు కుట్టాలంటే రెండు భుజాలకూ రెండు కొలతలు తీసుకోవాలక్కయ్యా" అని నాతో నవ్వుతూ అంటాడు. ఆయన నన్ను అక్కయ్యా అంటాడు కాబట్టి ఆమెకు నేను వదినను, నాకు ఆమె మరదలు. చుట్టరికం అంతవరకే, కానీ రోజుకు రెండుసార్లు కనబడకపోతే నాకు తోచదు.

ఇల్లిల్లూ తిరిగి ఐదేళ్ళలోపు పిల్లల్ని తూచడం ఆమె పని. గుమ్మం పైన కొక్కెం తగిలించి, పిల్లను గుడ్డలో కూర్చోబెట్టి, ముల్లు ఆగేదాకా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతుంది. ముల్లు ఆగకుండా అంకె చదివేవాళ్ళంటే ఆమెకు మహా కోపం. ఆ ఒక్క విషయంలో తప్ప ఎవరి మీదా గొంతు లేవదు. తూచేటప్పుడు పిల్లలతో తెగ మాట్లాడుతుంది. "ఏమే, పోయిన నెల కంటే నీ అల్లరే పావుకిలో పెరిగిందే" అంటుంది. ఏడ్చే పిల్ల కూడా నోరు తెరిచి చూస్తుంది.

అలాంటి మనిషి రెండేళ్ళ కిందట మూడు నెలల పాటు ఎవరితోనూ మాట్లాడలేదు.

మా వెనక వీధిలో మూడేళ్ళ బాబు పోయాడు. జబ్బు చేసి కాదు. ఆ ఇంటికి మరదలు మూడు నెలలు వరసగా వెళ్ళింది, మూడుసార్లూ తాళమే. పుస్తకంలో "తాళం" అని రాసుకుని పక్కింటికి వెళ్ళిపోయింది. అలా రాయడమే పద్ధతి. ఆసుపత్రి పుస్తకంలో ఆ బాబు మెట్ల మీంచి పడ్డాడని రెండుసార్లు రాసి ఉంది, వాళ్ళుండేది మెట్లు లేని ఇల్లు. పోలీసుల పుస్తకంలో "భార్యాభర్తల గొడవ, సర్దిచెప్పాం" అని ఉంది. బాబు పోయాక పెద్ద ఆఫీసర్లు వచ్చి ఆ పుస్తకాలన్నీ ఒక బల్ల మీద పక్కపక్కన పెట్టారట. అన్నీ చదవడానికి గంట కూడా పట్టలేదట.

"ఆ గంట ముందే దొరికి ఉంటేనా వదినా" అని ఒక్కసారే అంది నాతో. తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఎత్తలేదు గానీ ఊరుకోలేదు. ప్రతి మంగళవారం మూడింటికి ఆరోగ్య కేంద్రం వరండాలో బెంచీ వేయించింది. ఎముకల ఆసుపత్రిలో కట్లు కట్టే ఆయన, బడి పంతులమ్మ, పోలీస్ స్టేషన్ నుంచి హెడ్డు గారు, ఈమె. నలుగురూ తమ తమ పుస్తకాలు తెచ్చుకుని కూర్చోవాలి. ఇంటి నంబరు చెప్పాలి, ఆ వారం చూసింది చెప్పాలి. ఎవరినీ తిట్టక్కర్లేదు, ఎవరి తప్పూ వెతకక్కర్లేదు. పిల్లల సంక్షేమం ఆఫీసరమ్మ నెలకోసారి వచ్చేది. మొదటి ఏడాది బాగానే సాగింది. నేను కూడా ఏదో పని ఉన్నట్టు ఆ పక్కగా వెళ్ళి చూసి వచ్చేదాన్ని. రెండో ఏడు వచ్చేసరికి కట్లాయన రావడం మానేసి, "ఈ వారం ఏమీ లేదు" అని ఫోను చేయడం మొదలెట్టాడు. హెడ్డు గారికి బందోబస్తులు. ఒక్కో మంగళవారం బెంచీ మీద పంతులమ్మా మా మరదలూ మాత్రమే కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు.

ఇక ఆ సోమవారం సంగతి.

మధ్యాహ్నం రెండు దాటింది. నెల లెక్క పైకి పంపాలని మరదలు మా అరుగు మీద కూర్చుని పుస్తకంలోంచి అంకెలు ఎక్కిస్తోంది. మా అరుగు మీద వెలుతురు బాగుంటుందని ఎప్పుడూ ఇక్కడే రాసుకుంటుంది. నాకు ఎవరైనా రాస్తుంటే చూడకపోతే ప్రాణం ఊరుకోదు. చదివింది ఐదో తరగతే అయినా అంకెలు మాత్రం దూరం నుంచైనా పట్టేస్తాను.

"ఇదేంటి మరదలా, పక్కపక్కన ఒకే అంకె వేశావు. దీన్ని చూసి దాన్ని దింపావా ఏంటి?"

"దింపుడేంటి వదినా, ఎదురింటి కవలలు. పెద్దది ఎనిమిదిమ్ముప్పావు, చిన్నది ఎనిమిదిమ్ముప్పావు" అంది గర్వంగా. "చూశావా, జోడెడ్లలా ఎలా పెరుగుతున్నారో."

"పోయిన నెల?"

"ఎనిమిదిన్నర, ఎనిమిదిన్నర."

"అంతకు ముందు?"

పేజీ తిప్పింది. అదీ అంతే. ఇంకో పేజీ తిప్పింది. నాలుగు నెలలు, ఇద్దరి మధ్య ఒక్క గ్రాము తేడా లేదు.

"మా చెల్లెలి కవలల్ని నేనే పెంచాను కదే. ఒకే పాలు, ఒకే పక్క. ఒకడు ఎప్పుడూ రెండోవాణ్ణి మించే ఉండేవాడు. ఒక్కనాడు సమానం కాలేదు" అని నేను మాటవరసకే అన్నాను.

కలం ఆగిపోయింది. ఆమె మొహంలో నవ్వు అలాగే ఉంది కానీ కళ్ళలో లేదు.

"వదినా. వాళ్ళిద్దర్నీ ఒక్కసారిగా నువ్వెప్పుడు చూశావు?"

ఎవరింట్లో ఏ పొయ్యి ఎప్పుడు వెలిగిందో చెప్పగలను. ఎదురింటి దండెం మీద ఏ గౌను ఎన్నిసార్లు ఆరిందో చెప్పగలను. ఇద్దరు పిల్లల్ని ఒక్కసారి చూసింది మాత్రం గుర్తు రావడం లేదు. ఎర్ర గౌను పిల్లను చూశాను. పచ్చ గౌను పిల్లను చూశాను.

"వాళ్ళమ్మ మొదట పెద్దదాన్ని తెస్తుంది" అంది మరదలు, తనతో తనే చెప్పుకుంటున్నట్టు. "చిన్నది నిద్రపోతోందక్కా, ఒక పది నిమిషాలాగి రా, లేపి ఉంచుతానంటుంది. ఆ పది నిమిషాలు నేను..."

ఆ పది నిమిషాలు నా అరుగు మీద కూర్చునేది. నేను టీ ఇచ్చి, వీధి కబుర్లన్నీ చెప్పి, లేవనిచ్చేదాన్ని కాదు. తర్వాత వెళితే గౌను మారిన పిల్ల సిద్ధంగా ఉండేది. నాలుగు నెలలు ఒకే పిల్లను రెండుసార్లు తూచింది మా మరదలు.

మరి రెండోది ఏదీ?

ఎదురింటి తలుపు మూసి ఉంది. దండెం మీద పచ్చ గౌను ఆరుతోంది. అంతసేపూ నేను చూస్తున్న గౌనే, ఇప్పుడు దాని వంక చూడలేకపోయాను.

ఆ ఇంటాయన లారీ నడుపుతాడు. వారం పది రోజులు ఉండడు, వచ్చిన రోజు ఇంట్లోంచి అరుపులు. మూడుసార్లు స్టేషనుకు వెళ్ళి చెప్పాను. హెడ్డు గారు వచ్చి తలుపు కొడితే, ఆ పిల్ల తల్లి టీవీ శబ్దమండీ అంది. మూడోసారి ఆయన నన్ను చూసి, "మళ్ళీ మీరేనా పెద్దమ్మా? మీ కోసం ఇక్కడో కుర్చీ వేయించమంటారా?" అన్నాడు. స్టేషనంతా నవ్వింది. నేను మళ్ళీ వెళ్ళలేదు. సిగ్గుపడి వెళ్ళలేదు అనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదు, మూడోసారి నేను తిరిగి వస్తుంటే ఆ లారీ ఆయన గుమ్మంలో నిలబడి నా వైపే చూశాడు. ఏమీ అనలేదు. అందుకే వెళ్ళలేదు.

"లారీ ఎప్పుడొస్తుంది?" అంది మరదలు.

"ఈ సాయంత్రమే. పొద్దున కొళాయి దగ్గర వాళ్ళావిడే చెప్పింది."

లేచి వెళ్ళి ఆ తలుపు తట్టబోయాను. మరదలు నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకు నా గాజు నొక్కుకుపోయింది.

"వద్దు వదినా. మనిద్దరం వెళితే నిద్రపోతోంది అంటుంది. మనం వెనక్కి రావాలి. రాత్రికి లారీ ఎక్కించుకుని అందర్నీ తీసుకుపోతే, ఇంకో ఊళ్ళో ఇంకో పుస్తకం. ఆ వెనక వీధి బాబు విషయంలోనూ, వాళ్ళు ముందున్న ఊళ్ళో జరిగింది అదే."

"అయితే ఏం చేద్దాం?"

"బెంచీ. రేపు కాదు, ఇప్పుడే."

ఆమె ఫోనులు చేస్తుంటే నేను బడికి పరిగెత్తాను. నా వయసులో పరుగంటే మీరు నవ్వుతారు, ఆ రోజు నన్ను చూసి కూడా నవ్వారు. నేను ఎవరికీ సమాధానం చెప్పలేదు. నాకు అదే మొదటిసారి. పంతులమ్మ తరగతి మధ్యలో ఉంది. "ఎదురింటి కవలల అక్క మీ దగ్గరే కదా చదివేది" అన్నాను. ఆమె చేతిలో సుద్దముక్క పక్కన పెట్టేసి, పెద్ద పంతులు గారికి ఒక మాట చెప్పి, హాజరు పుస్తకం చంకన పెట్టుకుని వచ్చేసింది. ఎందుకని కూడా అడగలేదు. దారిలో అంది, "నేనే చెప్దామనుకుంటున్నా పెద్దమ్మా. రేపు మంగళవారం కదా అని ఆగాను."

మూడున్నరకు బెంచీ నిండింది. కట్లాయన విసుగ్గా వచ్చాడు. హెడ్డు గారు టోపీ తీయకుండా కూర్చున్నాడు. నన్ను చూసి, "పెద్దమ్మ కూడానా" అని ఏదో అనబోయి, మరదలి మొహం చూసి ఆగిపోయాడు.

పంతులమ్మ చెప్పింది. ఏడేళ్ళ పిల్ల, బళ్ళో పెట్టే తిండిలో సగం తిని సగం కాగితంలో చుట్టుకునేది. ఎవరికే అంటే చిన్నదానికి అనేది. పోయిన బుధవారం నుంచి బడికి రావడం లేదు. కబురు పంపితే ఊరెళ్ళారన్నారు.

"ఊరెళ్ళలేదు. పొద్దున కూడా కిటికీలో చూశాను ఆ పిల్లను" అన్నాను నేను.

కట్లాయన తన పుస్తకం తిరగేస్తూ, "ఆ ఇంటి నంబరు... ఆఁ, ఉంది. పోయిన నెల తొమ్మిదో తారీఖు. ఏడాది దాటిన ఆడపిల్ల, ముంజేయి విరిగింది. మంచం మీంచి పడిందన్నారు. పిండికట్టు వేశాం. పిల్ల మరీ పలచగా ఉందని డాక్టరు గారు పిల్లల వార్డుకు రాశారు, వెళ్ళినట్టు లేదు. మూడు వారాలకు కట్టు విప్పించుకోవడానికి రావాలి. రాలేదు."

మరదలు తన పుస్తకం తీసి ఆయన పుస్తకం పక్కన పెట్టింది. వేలు ఒక్కో గీత మీద ఆనిస్తూ వెళ్ళింది.

"పోయిన నెల పన్నెండో తారీఖు. మీరు కట్టు వేసిన మూడో రోజు. నేను ఇద్దర్నీ తూచినట్టు రాసుకున్నాను." వేలు ఆ గీత మీదే ఆపింది. "ఇద్దరి చేతులూ నేనే పట్టుకుని గుడ్డలోంచి దించాను. ఏ చేతికీ కట్టు లేదు."

కట్లాయన పుస్తకంలో ఆ సంగతి ముప్పై అయిదు రోజులుగా ఉంది. ఆ ముప్పై అయిదు రోజుల్లో అయిదు మంగళవారాలు వచ్చాయి. అయిదుసార్లూ ఆయన ఫోనులో ఏమీ లేదన్నాడు. ఆ లెక్క ఎవరూ పైకి అనలేదు. ఆయన మొహం చూస్తే అనక్కర్లేదనిపించింది.

హెడ్డు గారు టోపీ తీశాడు. "ఇంట్లోకి జొరబడాలంటే నాకో కాగితం కావాలమ్మా."

"ఆఫీసరమ్మ వస్తున్నారు. కాగితం ఆవిడ రాస్తారు. నా పుస్తకం, ఆయన పుస్తకం, ఈమె పుస్తకం చూసి రాస్తానన్నారు" అంది మరదలు.

ఆవిడ వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలు నేను ఆరోగ్య కేంద్రం గేటు దగ్గర నిలబడి రోడ్డు చూస్తూ ఉన్నాను. ప్రతి లారీ అదే లారీలా కనబడింది.

నాలుగున్నరకు తలుపు తట్టాం. తట్టింది మరదలే. సంచిలోంచి తూనిక తీసి చేత్తో పట్టుకుంది, ఎప్పటిలాగే.

తలుపు ఓరగా తెరుచుకుంది. ఆ అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. చంకలో ఎర్ర గౌను పిల్ల. మా వెనక హెడ్డు గార్ని చూసి ఆమె మొహం పాలిపోయింది.

"మొన్నే కదక్కా తూచారు?"

"ముల్లు సరిగ్గా ఆగలేదేమోనని అనుమానంగా ఉంది తల్లీ. చిన్నదాన్ని ఇంకోసారి చూస్తాను."

"నిద్రపోతోందక్కా."

"పోనీ. నిద్రలోనే తూస్తాను. లేపను."

ఆ అమ్మాయి అడ్డంగానే నిలబడింది. అప్పుడు ఆమె పక్క సందులోంచి ఏడేళ్ళ పెద్దపిల్ల వచ్చింది. మరదలి కొంగు పట్టుకుని లోపలికి లాగింది. తల్లి ఆపలేదు. ఆపడానికి చెయ్యి ఎత్తి, ఆ చెయ్యి అలాగే గోడకు ఆనించి కూలబడింది.

వెనక గదిలో పాత టైర్లు, గోనె పట్టాలు. కిటికీకి అట్టలు కొట్టి ఉన్నాయి. అట్టల సందులోంచి వచ్చే కాస్త వెలుతురులో మూల ఒక చాప, చాప పక్కన కాగితంలో చుట్టిన తిండి ముక్క. చాప మీద గుడ్డల కుప్ప. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. అందరి ఇళ్ళలోకీ తొంగి చూసే నాకు ఆ గదిలోకి చూడాలంటే ధైర్యం చాలలేదు.

మరదలు మోకాళ్ళ మీద కూర్చుంది. గుడ్డలు పక్కకు తీసింది. కట్టు కనబడింది ముందు, నల్లగా మాసిపోయి. ఆ చేతికంటే కట్టే లావుగా ఉంది. పిల్ల కళ్ళు సగం తెరిచే ఉన్నాయి. ఏడవడం లేదు. మరదలు వంగి ఆ ముక్కు దగ్గర తన చెంప పెట్టింది. అలాగే ఉండిపోయింది. ఎంతసేపో నాకు తెలియదు. ముల్లు ఆగడం కోసం ఎలా నిలబడుతుందో అలాగే ఉంది.

"ఊపిరి ఉంది" అంది.

ఆఫీసరమ్మ బండి తిప్పమని కేకేసింది. మరదలు పిల్లను ఊయల గుడ్డలో చుట్టి గుండెకు హత్తుకుని నడిచింది. వీధిలోకి వచ్చేసరికి మలుపులో లారీ హారన్ వినబడింది. లారీ ఆగింది, ఆయన దిగాడు, గుమ్మంలో ఇంతమందిని చూసి కనుబొమలు ముడిచాడు. హెడ్డు గారు టోపీ పెట్టుకుని ఎదురు వెళ్ళాడు.

"రా బాబూ, నీకోసమే చూస్తున్నాం" అన్నాడు, భోజనానికి పిలిచినంత మెల్లగా.

తల్లి తర్వాత చెప్పింది, ఆసుపత్రి వరండాలో, పెద్దపిల్ల తలను ఒళ్ళో పెట్టుకుని. చిన్నది పుట్టుకతోనే బలహీనం, ఎప్పుడూ ఏడుపే. ఏడిస్తే ఆయన ఊరుకోడు. అందుకే నాలుగు నెలల కిందట, ఏడుపు వినబడకుండా వెనక గదిలో పెట్టింది. అయినా పోయిన నెల ఒకసారి ఏడుపు విని ఆయన చెయ్యి విరిచాడు, అప్పట్నుంచి నిద్ర మందు పోసింది. నిద్రపోయే పిల్ల ఏం తాగుతుంది, ఏం పెరుగుతుంది.

"చెప్తే పిల్లలందర్నీ తీసుకుపోతారనుకున్నానక్కా. వినబడకుండా ఉంటే బతుకుతుందనుకున్నా" అంది.

ఆ మాటకు నాకు కోపం రావాలో జాలి పడాలో ఇప్పటికీ తేలలేదు. ఆమె విషయం ఏం చేయాలో పై వాళ్ళు తేలుస్తారు. ఆయన సంగతి కోర్టులో ఉంది. పిల్లలు ముగ్గురూ ప్రస్తుతం వాళ్ళ అమ్మమ్మ దగ్గర, ఆఫీసరమ్మ కనిపెట్టి ఉండగా ఉన్నారు.

ఆసుపత్రిలో చిన్నదాన్ని తూచారు. అయిదు కిలోల నూట యాభై. మరదలు ఆ అంకెను తన పుస్తకంలో తనే రాసింది. నాలుగు నెలల పాత అంకెల్ని కొట్టేయలేదు. "అవి అలాగే ఉండాలి వదినా. నేను రాసినవే కదా" అంది. ఇంకో రెండు రోజులైతే దక్కేది కాదని డాక్టరు గారన్నారు. ఆ మాట విన్న రాత్రి దర్జీ తమ్ముడు మిషను ముందు ఊరికే కూర్చున్నాడట. మర్నాడు ఎర్ర రిబ్బనూ పచ్చ రిబ్బనూ కుట్టి ఇచ్చాడు. కవలలుంటే ఇద్దర్నీ ఒకేసారి బయటికి తెమ్మని, తూచేముందు ఒకరి చేతికి ఒకటి కడుతుంది ఇప్పుడు. నేను పది నిమిషాలు కూర్చోమంటే కూర్చోదు. టీ నిలబడే తాగుతుంది.

పోయిన మంగళవారం కవలల్ని తీసుకుని అమ్మమ్మ వచ్చింది. తొమ్మిది కిలోల నూరు, ఆరు కిలోల డెబ్బై. మరదలు ఆ రెండు అంకెల్నీ నాకు చూపించింది. ఒకటి కాకపోవడం ఎంత బాగుందో.

ఆ మధ్యాహ్నం మూడింటికి నేనూ బెంచీ పక్కన కూర్చుని ఉన్నాను. ఇప్పుడు నాకూ అక్కడో చోటు ఉంది, హెడ్డు గారే వేయించాడు కుర్చీ. పంతులమ్మ వచ్చింది, హెడ్డు గారు వచ్చారు. పాత కట్లాయన బదిలీ మీద వెళ్ళిపోయాడు. కొత్తగా వచ్చినాయన మూడుంపావుకు ఫోను చేశాడు.

"మా దగ్గర ఈ వారం ఏమీ లేదమ్మా. పని మీద ఉన్నాను, అందుకే ఫోనులో చెప్తున్నా."

మరదలు ఫోను చెవికి పెట్టుకునే సంచి భుజాన వేసుకుంది. ఎడమ భుజం జారింది.

"ఏమీ లేదన్న మాట కూడా ఇక్కడ కూర్చునే చెప్పాలి బాబూ. పుస్తకం తీసుకునిరా. రాలేకపోతే చెప్పు, మేమే నలుగురం అక్కడికి వస్తాం" అంది.

అవతలి మనిషి ఏదో అన్నాడు. ఆమె వినలేదు. అప్పటికే మెట్లు దిగుతోంది. మేం లేచి వెనకే బయల్దేరాం.